నగలు కుదువ పెట్టి వాచీ కొంటారా?

ప్రశ్న: కడప దగ్గర మాకు బండల పాలిష్ యూనిట్ ఉంది. నా వయసు 39. ఇంటి ఖర్చు నెలకు 70 వేలు, బ్యాంకులో 2 లక్షలు ఉన్నాయి. పాతకాలపు డిజైన్‌తో కొత్తగా చేసిన స్విస్ పర్పెచువల్ క్యాలెండర్ వాచీ ఒకటి హైదరాబాద్ షోరూమ్‌లో చూశాను. ధర 12 లక్షలు. ఆ 2 లక్షలకు నగల మీద 7 లక్షల గోల్డ్ లోన్, క్రెడిట్ కార్డు మీద 3 లక్షల ఈఎంఐ కలిపి కొందామనుకుంటున్నా. పటెక్ ఫిలిప్ కంపెనీ 1518 మోడల్ లాంటి పాత వాచీలు వేలంలో కోట్లు పలికాయి కదా, పెట్టుబడిగా కలెక్షన్ మొదలుపెట్టొచ్చా? అమ్మానాన్నలు మాతోనే ఉంటారు. నాన్నకు 68 ఏళ్లు, షుగర్ ఉంది. ఎవరికీ హెల్త్ పాలసీ లేదు.

జవాబు: వద్దండీ. వాచీ మీద మీకున్న ఇష్టాన్ని తప్పుపట్టను. ఏ నెలకు ఎన్ని రోజులో, లీపు సంవత్సరం ఎప్పుడో చిన్న చిన్న చక్రాలతోనే గుర్తుపెట్టుకునే యంత్రం అది. ఆగకుండా నడిస్తే 2100 ఫిబ్రవరి దాకా తేదీ సరిచేసే పనే ఉండదు. అయితే మనసు పడ్డ వస్తువుకు పెట్టుబడి అని పేరు పెట్టి అప్పు చేయడం చాలామంది చేస్తున్న తప్పు. అందుకే మీ ఉత్తరాన్ని ఎంచుకున్నాను.

1518 తయారీ మొదలైంది 1941లో. 2016లో జెనీవా వేలంలో 1.1 కోట్ల స్విస్ ఫ్రాంకులు పలికింది అందులో స్టీలుది. స్టీలువి ప్రపంచంలో నాలుగే ఉన్నట్టు తెలుసు. కొన్నవాళ్లు ఆ అరుదుతనానికి డబ్బు పెట్టారు. మీరు చూసింది ఆ పాత రూపాన్ని తలపించే కొత్త వాచీ. కొద్ది మోడళ్లను పక్కన పెడితే, ఇలాంటివి షోరూమ్ దాటగానే ధర తగ్గుతాయి. 2022 తర్వాత పేరున్న బ్రాండ్లకు కూడా సెకండ్‌హ్యాండ్‌లో ధరలు బాగా పడ్డాయి. పైగా కొన్నేళ్లకోసారి సర్వీసింగ్ తప్పదు, దానికి పెద్ద ఖర్చే అవుతుంది. 10 లక్షలు దాటిన వాచీ కాబట్టి 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందుగానే వసూలు చేసే ఆదాయపు పన్ను) కూడా కట్టాలి. ఆ 12 వేలు తర్వాత రిటర్నులో సర్దుబాటవుతాయి. కానీ మీ లెక్క ప్రకారం ఆ రోజు మీ చేతిలో అవి కూడా మిగలవు.

ఇక అప్పు సంగతి. నూటికి రూపాయి వడ్డీ అనుకున్నా గోల్డ్ లోన్‌కు నెలకు 7 వేలు, అదీ వడ్డీ మాత్రమే. కార్డు ఈఎంఐ 16 శాతం మీద రెండేళ్లకు వేసినా నెలకు 14,700 దాకా అవుతుంది. రూపాయి ఆదాయం తేని వస్తువు కోసం నెలకు దాదాపు 22 వేలు! ఆర్డర్లు తగ్గిన నెలలో ఇవి ఎక్కణ్నుంచి కడతారు? ఇంట్లో వాళ్లను అడిగారా? నగలు వాళ్లవి.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది ఇది: మీ ఇంట్లో ఎమర్జెన్సీ ఫండ్ అనదగ్గవి ఆ 2 లక్షలూ, ఆ బంగారమూ మాత్రమే. రేపు నాన్నగారిని తిరుపతికో వెల్లూరుకో తీసుకెళ్లాల్సి వస్తే ఆ నగల మీదే డబ్బు పుట్టాలి. అవి అప్పటికే వాచీ కోసం కుదువలో ఉంటాయి. నగలైతే ప్రొద్దుటూరు బజారులో సాయంత్రానికల్లా డబ్బవుతాయి. వాచీ పట్టుకుని ఏ ఊరెళ్తారు? కొనేవాడు దొరికేదాకా ఆసుపత్రి ఆగదు.

వ్యాపారం చేసేవాళ్లకు ఆరు నెలల ఇంటి ఖర్చు కనీసం. మీకైతే 4.2 లక్షలు. యూనిట్‌లో కూలీలకు, కరెంటు బిల్లుకు రెండు నెలల డబ్బు వేరే ఖాతాలో ఉంచండి. ఈ రెండూ కలపొద్దు. మీకు, భార్యాపిల్లలకు 10 లక్షల ఫ్లోటర్ (అందరికీ కలిపి ఒకే హెల్త్ పాలసీ) తీసుకోండి, అమ్మానాన్నలకు వేరే పాలసీ. మీ పేరున కోటికి తగ్గకుండా టర్మ్ పాలసీ, అంటే మీకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బు వచ్చే జీవిత బీమా. వ్యక్తిగత హెల్త్, లైఫ్ పాలసీల ప్రీమియం మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ లేదు కాబట్టి ఆ భారం కూడా తగ్గింది.

ఇవన్నీ అమరాక వాచీ కోసం విడిగా ఆర్‌డీ వేసుకుని, అప్పు లేకుండా కొనండి, నేను అడ్డు చెప్పను. ఏడాదికోసారి మార్చి 1న మాత్రమే తేదీ సరిచేసుకునే యాన్యువల్ క్యాలెండర్ వాచీలు సాధారణంగా ఇంతకన్నా తక్కువకే వస్తాయి, అవీ చూడండి.

నాన్నగారి పాలసీకి ఈ వారమే దరఖాస్తు చేయండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ (ఆ జబ్బుల ఖర్చు పాలసీ ఇవ్వని కాలం) మూడేళ్ల వరకు ఉండొచ్చు, మీరు ఆలస్యం చేసేకొద్దీ అది పూర్తయ్యే రోజూ దూరమవుతుంది. షుగర్ సంగతి, మందులు ఎప్పట్నుంచి వాడుతున్నారో సహా, ఫారంలో దాచకుండా రాయండి.