నోట్స్ పూర్తి చేయలేదని గేమ్స్ పీరియడ్‌కి పంపకపోతే స్కూల్లో అడగొచ్చా?

ఒకటో తరగతి పాపను గేమ్స్ పీరియడ్‌లో కూర్చోబెట్టి నోట్స్ రాయిస్తున్నారు, వెళ్లి అడిగితే బాగుంటుందా అని మీ ప్రశ్న. తప్పకుండా అడగండి, రేపే అడగండి.

మా వాడు ఒకటో తరగతిలో ఉన్నప్పుడు స్కూలు నుంచి రాగానే సోఫా మీంచి దూకేవాడు, చెల్లెల్ని తోసేవాడు, అన్నం దగ్గర రెండు నిమిషాలు కుదురుగా ఉండేవాడు కాదు. నేను అరిచేదాన్ని, రెండు మూడుసార్లు కొట్టాను కూడా. ఒకరోజు ఫీజు కట్టడానికి మధ్యాహ్నం వెళ్లాను. తినడాలు అయిపోయాయి, బెల్లుకి ఇంకా పావుగంట ఉంది. మూడో అంతస్తు వరండాలో పిల్లలంతా గోడవారన బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు, అందరికీ ఫింగర్ ఆన్ లిప్స్. మా వాడు నన్ను చూశాడు. లేవలేదు, వేలు తియ్యలేదు, కళ్లు మాత్రం ఇంతయ్యాయి. ఆయమ్మని అడిగితే "పరిగెడితే పడతారు మేడం, దెబ్బ తగిలితే మమ్మల్నే అంటారు" అంది. ఆమెని ఏమంటాం, అది అపార్ట్‌మెంట్ లాంటి బిల్డింగు, గ్రౌండే లేదు. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది, అయినా అడిగేవాళ్లేరీ?

అయిదేళ్లు దాటిన పిల్లలు రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పొద్దున ఎనిమిదికి వ్యాన్ ఎక్కి సాయంత్రం అయిదుకి దిగి, హోంవర్క్ ముందేసుకునే పిల్లకి ఆ గంట ఎక్కణ్ణుంచి వస్తుంది? స్పోర్ట్స్ డే చేస్తున్నాం కదా అంటారు. అందులో బాగా పరిగెత్తే పదిమందే పరిగెడతారు, మిగతావాళ్లు ఎండలో నిలబడి చప్పట్లు కొడతారు.

తర్వాతి ఏడాది మట్టి గ్రౌండున్న చిన్న స్కూల్లో వేశాం. ఏసీ క్లాసులు మాన్పించారేంటని మా ఆడపడుచు ఇప్పటికీ అంటుంది. వాడు మాత్రం సాక్సుల నిండా ఎర్రమట్టితో వచ్చి, పెట్టింది తిని, తొమ్మిదికల్లా పడుకుంటున్నాడు. చేతిరాత కూడా కుదిరింది, అది ఆట వల్లేనని నా గట్టి నమ్మకం. కుదురుగా కూర్చోలేని పిల్లకే ఆట ఎక్కువ కావాలి, స్కూళ్లలో ముందు ఆ పిల్లకే ఆపేస్తారు.

టీచరుతో గొడవ పడక్కర్లేదు. మిగిలిన నోట్స్ ఇంటి దగ్గర నేను రాయిస్తాను, పాపని ఆటకి మాత్రం పంపండి అని డైరీలో రాసి సంతకం పెట్టండి. నేను ఆ ఏడాదంతా ఆ ఒక్క ముక్క రాయలేదు, వాడి మీదే అరిచాను.