ఇష్టంగా పెంచుకున్న తోటను వదిలి ఇల్లు మారాల్సి వస్తే ఏం చేయాలి?

ఇంటి బేరం కుదిరింది, నాలుగు నెలల్లో ఫ్లాటుకి మారాలి, అమ్మ పెట్టిన మల్లె పందిరినీ మామిడి చెట్టునూ వదిలి రావడానికి మనసు ఒప్పుకోవడం లేదు అని రాశారు. నాలుగు నెలల టైమ్ ఉండడం మీ అదృష్టమండి. చాలామందికి అంత వ్యవధి దొరకదు.

మేం రాజమండ్రిలో పెద్ద దొడ్డి ఉన్న అద్దె ఇంట్లో చాలా ఏళ్ళు ఉన్నాం. మావారి ఉద్యోగం మారి హైదరాబాదు వచ్చేశాం. ఐదో అంతస్తు, తూర్పు బాల్కనీ, పొద్దున కాసేపు ఎండ, ఆ తర్వాత రోజంతా నీడే. అక్కడి మొక్కల్లో కొన్ని నాతో వచ్చాయి, కొన్ని వచ్చి చచ్చిపోయాయి, కొన్ని ఇప్పటికీ రాజమండ్రిలో వేరేవాళ్ళ పెరళ్ళలో ఉన్నాయి. నన్నడిగితే ఈ మూడో రకమే అన్నిటికన్నా భద్రం. మీతో ఏం తెచ్చుకోవాలని కాదు, ఎవరి పెరట్లో ఏం పెట్టించాలని ముందు ఆలోచించండి.

మల్లెతో మొదలుపెట్టండి. ముదురు చెట్టును తవ్వి తేవాలని చూడకండి. నేలకి దగ్గరగా ఉన్న కొమ్మను వంచి, మట్టిలో పడే చోట బెరడు కొంచెం గీరి, పైన మట్టి కప్పి రాయి పెట్టండి. దీన్నే నేల అంటు అంటారు. తడి ఆరకుండా చూసుకుంటే రెండు మూడు నెలల్లో వేళ్ళు పట్టేస్తుంది. తల్లి చెట్టు నుంచి కోసి కుండీలోకి మార్చుకోవచ్చు. ఇలా ఒక్కటి కాదు, వీలైనన్ని వేయండి. మా అత్తయ్యగారు పెట్టిన మల్లెకి నేను అలాగే వేసి, ఒకటి నాతో ఉంచుకుని మిగతావి పక్కింటి పిన్నిగారికీ, మాకు పాలు పోసే ఆవిడకీ ఇచ్చాను. నాతో వచ్చినది ఆ బాల్కనీలో బతకలేదు. ఎండ చాలదు, బోరు నీళ్ళు ఉప్పన. ఆకులు పసుపెక్కి, ఒక్కో కొమ్మే ఎండిపోయింది. తర్వాతి సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు పిన్నిగారి దగ్గర మళ్ళీ ఒక అంటు తెచ్చుకున్నాను. అది ఇప్పుడు మా అపార్ట్‌మెంటు మేడ మీద ఉంది, వేసవిలో బాగానే పూస్తోంది. పిన్నిగారికి ఇచ్చి ఉండకపోతే అత్తయ్యగారి మల్లె అక్కడితో సరి.

మామిడి సంగతి వేరు. టెంక పాతితే అదే కాయ వస్తుందన్న భరోసా లేదు. అదే కాయ కావాలంటే అంటు కట్టించాల్సిందే. మాది కొత్తపల్లి కొబ్బరి అనే రకం మామిడి. ఇంటివాళ్ళు వేసిన చెట్టే అయినా దాని కింద పెరిగింది మా పిల్లలు. వానాకాలం మొదట్లో పెన్సిల్ లావు కొమ్మలు ఎంచుకుని, కోసే ముందు వారం పది రోజులు ఆకులు తుంచేసి ఉంచమని కడియం నర్సరీలో చెప్పారు. అలా చేస్తే చివరి మొగ్గ ఉబ్బుతుంది, అంటు బాగా పడుతుంది. ఆ పుల్లల్ని తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి అదే రోజు తీసుకెళ్ళి ఇచ్చాను. అంట్లు కొన్నే పట్టాయి. ఒకటి మా ఆడపడుచు వాళ్ళ పొలం గట్టు మీద ఉంది. మీ దగ్గర్లో అంటు కట్టే నర్సరీ ఏదున్నా ఈ పని చేసిపెడతారు. ఇక్కడ ఖర్చు కన్నా అడగాలనే ఆలోచన రాకపోవడమే ఇబ్బంది.

జామకి గాలి అంటు తేలిక. కొమ్మకి చుట్టూ అంగుళం మేర బెరడు ఒలిచి, తడి కొబ్బరి పొట్టు పెట్టి ప్లాస్టిక్ కాగితంతో బిగించి కట్టాలి. వానాకాలంలో నెల, నెలన్నరకి కాగితం లోపల తెల్లటి వేళ్ళు కనిపిస్తాయి. కరివేపాకుకి పిలకలు తవ్వి పెట్టొచ్చు కానీ చాలావరకు అలిగి కూర్చుంటాయి. పండిన కాయలు దొరికితే గింజ తీసి వెంటనే వేయడమే మేలు, ఆ గింజ ఎక్కువ రోజులు నిలవుండదు. దొండ తీగ ముక్క పెడితే చాలు. అయితే కాయ కాసే తీగ నుంచే తీసుకోండి, దొండలో ఆడ, మగ తీగలు వేరు. మందారం, నందివర్ధనం కొమ్మ విరిచి గుచ్చితే వచ్చేస్తాయి, వాటి గురించి టెన్షన్ అక్కర్లేదు.

మోసుకెళ్ళే కుండీల విషయానికొస్తే, ప్యాకర్స్ వాళ్ళు మొక్కలకి పూచీ లేదని మాకు ముందే చెప్పేశారు. మూసిన కంటైనర్‌లో ఎండాకాలం పగటి ప్రయాణమైతే ఉడికిపోతాయి. బయల్దేరే ముందు రోజు నుంచి నీళ్ళు ఆపేసి, కొమ్మలు సగానికి కత్తిరించి, రాత్రి ప్రయాణం పెట్టుకోండి. పెద్ద సిమెంటు కుండీలు మాత్రం ఎవరికైనా ఇచ్చేయండి, బాల్కనీకి ఆ బరువు మంచిది కాదు.

కాగితాల గురించి ఒక మాట. అగ్రిమెంటులో వేరుగా రాసుకోకపోతే, నేలలో పాతుకున్న చెట్లన్నీ స్థలంతో పాటే కొన్నవాళ్ళకి చెందుతాయి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెప్పేది అదే. చిత్రమేమిటంటే, అదే చట్టంలో అద్దెకున్నవాళ్ళకి మాత్రం, ఒప్పందంలో వేరేలా లేకపోతే, ఖాళీ చేసేలోపు తాము నాటుకున్నవి తీసుకెళ్ళే హక్కుంది, స్థలాన్ని మునుపటిలా ఉంచి వెళ్ళాలన్న షరతుతో. నేను ఆ హక్కు వాడుకోలేదు. వాడుకుని ఉంటే ఆ గోతులన్నీ ఎవరు పూడ్చేవారు! చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం) కింద అనుమతి కావాలని కొన్నవాళ్ళకి మెల్లగా చెప్పి చూడొచ్చు. అంతకు మించి చెట్టును కాపాడే దారి మన చేతిలో లేదు. మా పాత ఇంటి మామిడిని తీసేసి కారు పెట్టుకోవడానికి షెడ్డు వేశారు. విన్నప్పుడు ఏడుపొచ్చింది, దాచుకోవడమెందుకు. "పొలం గట్టు మీద ఉంది కదే" అని ఆడపడుచు అంటే అప్పటికి అది ఓదార్పుగా అనిపించలేదు. కాపుకొచ్చాక అనిపించింది.

ఇక్కడికొచ్చిన కొత్తలో నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది చెట్లు లేకపోవడం కాదు, పొద్దున్నే చేతికి పని లేకపోవడం. లేచీ లేవగానే పూలగిన్నె వెతుక్కునేదాన్ని. అందుకే ఫ్లాటులో సామాన్లు సర్దకముందే నాలుగు తొట్లలో తోటకూర, గోంగూర చల్లేశాను. తోటకూర మూడు వారాలకే చేతికొస్తుంది. అందం సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు నీళ్ళు పోయడానికి ఏదో ఒకటి ఉండాలి.

మీరు మాత్రం మల్లె కొమ్మలు ఈ వారంలోనే వంచి మట్టి కప్పండి. మామిడి పుల్లలకి వానలు పడేదాకా ఆగొచ్చు. కొన్నవాళ్ళు మంచివాళ్ళే అయితే, చలికాలంలో మల్లెకి నీళ్ళు ఆపి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించమని చెప్పిపెట్టండి. తెలియనివాళ్ళు అది ఎండిపోతోందనుకుని పీకేస్తారు.