ఇద్దరితో మాట్లాడుతున్నాను, తప్పా ఆంటీ?

ప్రశ్న: వందనాలు ఆంటీ. డాలస్ దగ్గర ఎమ్మెస్ పూర్తి చేసి ఆరు నెలల క్రితం ఉద్యోగంలో చేరాను. మాది గుంటూరు వైపు, లూథరన్ సంఘం. ఇక్కడ క్యాంపస్ బైబిల్ స్టడీలో పరిచయమైన ఒక మలయాళీ అమ్మాయితో రెండు నెలలుగా శనివారాలు కాఫీకి వెళ్తున్నాను. అమ్మానాన్న చూసిన విజయవాడ సంబంధం అమ్మాయితో వారానికి రెండుసార్లు వీడియో కాల్‌లో మాట్లాడుతున్నాను. ఒకరి సంగతి ఇంకొకరికి తెలియదు. 'ఎక్స్‌క్లూజివ్ అని అనుకోనంతవరకు తప్పు లేదు' అంటారు అమెరికన్ ఫ్రెండ్స్. డేటింగ్ అన్న మాటే పాపం అంటారు మా ఊరి పాస్టర్ గారు. 'ఏదీ తేలేదాకా రెండూ ఉంచు' అంటున్నారు అమ్మానాన్న. ఎవరి మాట వినాలి?

జవాబు: బాబూ, వందనాలు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ 'ఒకరి సంగతి ఇంకొకరికి తెలియదు' అన్న దగ్గరే ఆగిపోయాను. నువ్వు రాసిన దాంట్లో నాకు బాధ కలిగించిన మాట అదొక్కటే. మిగతావన్నీ కూర్చుని మాట్లాడుకుంటే తేలిపోయేవే.

ముందు బైబిల్ సంగతి చూద్దాం. అందులో డేటింగ్ లేదు. ఆ కాలంలో లేని పద్ధతి గురించి వాక్యం వెతికితే దొరకదు. ఇస్సాకు పెళ్ళి అబ్రాహాము దాసుడు కుదిర్చాడు. యాకోబు రాహేలు కోసం ఏడేళ్ళు కొలువు చేశాడు. పద్ధతులు వేరువేరుగా ఉన్నాయి, 'ఇదే పద్ధతి' అని ఎక్కడా ఆజ్ఞ లేదు. పెద్దలు కుదిర్చిన పెళ్ళికి ఆధారంగా ఆదికాండం 24వ అధ్యాయం చెప్పేవాళ్ళు ఒక చిన్న సంగతి దాటేస్తారు. అంతా కుదిరాక కూడా రిబ్కాను పిలిచి, ఈ మనిషితో వెళ్తావా అని అడిగారు. వెళ్తాను అని ఆమె తన నోటితో చెప్పింది. ఏం జరుగుతోందో తెలిసి చెప్పింది. పద్ధతి ఏదైనా, అమ్మాయికి సంగతి పూర్తిగా తెలియాలని నేను ఆ అధ్యాయం నుంచి నేర్చుకున్నాను.

కొత్త నిబంధనలో పౌలు తిమోతికి రాస్తూ, యౌవనస్త్రీలను పూర్ణ పవిత్రతతో అక్కచెల్లెళ్ళలా చూడమన్నాడు. థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక నాలుగో అధ్యాయం మన యూత్ మీటింగుల్లో తరచూ చదువుతారు, జారత్వానికి దూరంగా ఉండమని. చాలామంది అక్కడితో ఆపేస్తారు. ఆరో వచనం దాకా చదువు. ఈ విషయంలో ఎవరూ హద్దు మీరి సహోదరుణ్ణి మోసం చేయకూడదని ఉంది. శరీరం గురించి చెప్తున్న చోటే మోసం గురించి కూడా ఎందుకు చెప్పాడో ఆలోచించు. చెయ్యి కూడా తాకకుండా ఒక అమ్మాయిని మోసం చేయొచ్చు.

నీ అమెరికన్ ఫ్రెండ్స్ చెప్పేది ఎక్కడినుంచి వచ్చిందో కూడా తెలుసుకో. ఈ దేశపు క్రైస్తవులు ఈ విషయంలో ఎప్పుడూ ఒకే మాట మీద లేరు. 1920లు, 30లలో ఇక్కడి కాలేజీ పిల్లలు ఈ వారం ఒకరితో, వచ్చే వారం ఇంకొకరితో బయటికి వెళ్ళడం మామూలు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఒకరితోనే నిలకడగా తిరిగే 'గోయింగ్ స్టెడీ' వచ్చింది. 1950లలో దాన్ని గట్టిగా వ్యతిరేకించినవాళ్ళలో కతోలిక గురువులూ కతోలిక స్కూళ్ళూ ఉన్నారు. చిన్న వయసులో ఒక్కరితోనే అంత దగ్గరైతే శోధనలో పడతారని వాళ్ళ భయం. అంటే ఒకప్పుడు సంఘ పెద్దలకే, ఒకరికి అంకితమైపోవడం కన్నా నలుగురితో కలిసిమెలిసి ఉండడం క్షేమం అనిపించింది!

1990లలో గాలి పూర్తిగా మారింది. 1993లో ఇక్కడి పెద్ద ప్రొటెస్టెంట్ సంఘమైన సదరన్ బాప్టిస్టులు 'ట్రూ లవ్ వెయిట్స్' అనే ఉద్యమం మొదలుపెట్టి, పెళ్ళి వరకు పవిత్రంగా ఉంటామని పిల్లలతో కార్డుల మీద సంతకాలు చేయించారు. 1997లో, డేటింగ్ మొత్తమే వదిలేయమంటూ ఇరవై ఏళ్ళు దాటిన ఒక కుర్రవాడు పుస్తకం రాస్తే అది ఇంటింటికీ చేరింది. నేను 2001లో వచ్చేసరికి చర్చిల్లో అదే మాట. దానివల్ల మేలు పొందినవాళ్ళు ఉన్నారు. కానీ ఒక అమ్మాయితో కాఫీ తాగితే పెళ్ళి మాట ఇచ్చినట్టేనని వణికిపోయిన అబ్బాయిలనూ, మంచివాడని తెలిసినా మాట్లాడడానికి భయపడి ముప్పై ఐదు దాటిన అమ్మాయిలనూ నేనే చూశాను. చివరికి 2018లో ఆ రచయితే, తన మాటల వల్ల గాయపడినవాళ్ళకు క్షమాపణ చెప్పి, పుస్తకం ప్రచురణ ఆపించాడు. 'మొదటి కాఫీలకు అంత బరువు పెట్టకండి' అని నీ ఫ్రెండ్స్ అనడం ఆ దెబ్బ తర్వాత వచ్చిన మాట. అందులో కొంత నిజం ఉంది.

కతోలిక శ్రీసభ ఎంతమందితో మాట్లాడావని లెక్క అడగదు. శ్రీసభ బోధలన్నీ ఒకచోట చేర్చిన 1992 నాటి పుస్తకం, సత్యోపదేశం, నిశ్చితార్థమైనవాళ్ళు పవిత్రంగా ఉండాలనీ, ఆ కాలాన్ని ఒకరినొకరు గౌరవించడం, నమ్మకంగా ఉండడం నేర్చుకునే కాలంగా చూడాలనీ చెప్తుంది. నేను లూథరన్‌నే అయినా ఆ మాట నాకు చాలా నచ్చింది. నమ్మకం పెళ్ళి రోజు నుంచి మొదలవదు, దానికి ముందే అలవాటు కావాలి.

ఇక నా అభిప్రాయం. మొదటి ఒకటి రెండు కలయికలు ఎవరితోనైనా, ఎంతమందితోనైనా తప్పు లేదు. మన పెళ్ళిచూపులు కూడా అంతే కదా. నాలుగు బయోడేటాలు చూస్తాం, రెండిళ్ళకు వెళ్తాం. అవతలి మనిషి ఆశ పెట్టుకోవడం మొదలైన రోజు నుంచి మాత్రం ఒక్కరే ఉండాలి. నీ మనసు ఎప్పుడు తేలుతుందో దాన్ని బట్టి కాదు, ఆమె ఆశ ఎప్పుడు మొదలైందో దాన్ని బట్టి. ఎలా తెలుస్తుందంటావా? ఆమె ఇంట్లోవాళ్ళ ఆరోగ్యం గురించి, అప్పుల గురించి నీకు చెప్తుంది. నీ ఫోన్ టైముకు తన పనులు సర్దుకుంటుంది. మరీ ముఖ్యంగా, నీకు ప్రార్థన మనవులు చెప్తుంది. మన విశ్వాసుల్లో ఇద్దరు కలిసి ప్రార్థన చేయడమంటే చాలా దగ్గరితనం. ఒక అమ్మాయితో రోజూ రాత్రి ఫోన్‌లో ప్రార్థన చేసి, మర్నాడు 'మనం ఫ్రెండ్సే కదా' అంటే ఆమె ఏమైపోవాలి? ఇద్దరు అమ్మాయిలతో విడివిడిగా అలా ప్రార్థన చేస్తుంటే ఈ రోజే ఆపు.

ఇంత గట్టిగా ఎందుకు అంటున్నానో చెప్తాను. 1999 డిసెంబర్‌లో మా ఇంటికి ఒక అమెరికా సంబంధం వచ్చింది. విశ్వాసుల కుటుంబం. అబ్బాయి మూడు వారాల సెలవు మీద వచ్చాడు. మా ఇంట్లో ప్రార్థన చేసి, నాతో అరగంట మాట్లాడి వెళ్ళాడు. తర్వాత రెండుసార్లు ఫోన్ చేసి గంట గంట మాట్లాడాడు. అమ్మ సంఘంలో ప్రార్థన పెట్టించింది. నాన్న ప్రధానానికి హాలు కూడా వాకబు చేశారు. అదే మూడు వారాల్లో అతను తొమ్మిది ఇళ్ళకు వెళ్ళాడనీ, నాతో మాట్లాడినట్టే ఇంకో ఇద్దరితో మాట్లాడాడనీ అతను తిరిగి వెళ్ళిపోయాక తెలిసింది. తొమ్మిది ఇళ్ళకు వెళ్ళడం తప్పని నేను ఇప్పటికీ అనుకోను. ఉన్నది మూడు వారాలే పాపం. కానీ మూడో ఫోన్ కోసం ముందు గదిలో కూర్చున్న రోజులు నేను మర్చిపోలేదు. 'ఇంకో రెండు చోట్ల కూడా మాట్లాడుతున్నాం' అని ఒక్క మాట చెప్పి ఉంటే నా మనసును నేను ఆపుకునేదాన్ని.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది, కొత్తగా వచ్చినవాళ్ళకు తెలియనిది. మౌనానికి రెండు చోట్లా అర్థం వేరు. ఇక్కడ ఇద్దరూ నోరు తెరిచి 'ఇకనుంచి మనిద్దరమే' అనుకుంటేనే మాట ఇచ్చినట్టు. ఏమీ అనుకోకపోతే ఇంకా ఎవరి దారి వారిదే. మన దగ్గర తిరగబడి ఉంటుంది. అమ్మాయి నాలుగోసారి ఫోన్ ఎత్తిందంటే వాళ్ళింట్లో చీరల గురించి మాట మొదలైపోతుంది. విజయవాడ అమ్మాయి మన లెక్కలో ఉంది. మలయాళీ అమ్మాయి ఇక్కడ పుట్టి పెరిగిందో, నీలాగే వచ్చిందో నువ్వు రాయలేదు. ఆమె ఏ లెక్కలో ఉందో నీకూ తెలియకపోవచ్చు. అడగడం ఒక్కటే దారి. అమెరికా పద్ధతి అమెరికా పద్ధతి తెలిసిన మనిషి దగ్గరే చెల్లుతుంది, విజయవాడలో ఉన్న అమ్మాయి మీద దాన్ని వాడకు.

ఆమె వైపు నుంచి ఇంకో సంగతి చూడు. నీతో మాటలు నడుస్తున్నాయని వాళ్ళ నాన్నగారు వేరే సంబంధాలు పక్కన పెట్టి ఉంటారు. నీకు అదొక నెల. ఆమెకు అడిగేవాళ్ళకు జవాబు చెప్పుకోవాల్సిన నెల. సంబంధం తప్పిపోతే సంఘంలో మాట పడేది అమ్మాయే, అబ్బాయిని ఎవరూ అనరు. ఇది అన్యాయం, కానీ ఉన్న సంగతి. అందుకే ఇక్కడి తెలుగు సంఘాల్లోని అబ్బాయిలకు కూడా ఒకటి చెప్తాను. అరవై కుటుంబాలున్న సంఘంలో ఒకేసారి ఇద్దరు అమ్మాయిలతో కాఫీలు మొదలుపెట్టకండి. అది మూడు ఆదివారాలు కూడా దాగదు.

శరీరం విషయం ఎక్కువ సాగదీయను. కాఫీ ఎందరితోనైనా తాగవచ్చు, చెయ్యి మాత్రం ఒక్కరిదే పట్టుకో, అదీ మాట అనుకున్నాకే. మిగతాది పెళ్ళి తర్వాత. ఈ ఒక్క దగ్గర మీ పాస్టర్ గారు, శ్రీసభ, ఆ 1997 పుస్తకం అందరూ కలుస్తారు.

దేవుని పేరు గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. ఇన్నేళ్ళలో నేను చూసిన వాటిలో అన్నిటికన్నా పెద్ద గాయం ఇదే. అబ్బాయి మొదట 'నువ్వే అని దేవుడు నాతో మాట్లాడాడు' అంటాడు. మూడు నెలల తర్వాత, ఇంకో సంబంధం బాగుందనిపించాక, 'దేవుని చిత్తం కాదనిపిస్తోంది' అని మెసేజ్ పెడతాడు. అబ్బాయి మాట మారిస్తే అమ్మాయి కొన్నాళ్ళు ఏడ్చి తేరుకుంటుంది. దేవుడే మాట మార్చాడనుకుంటే ప్రార్థనే మానేస్తుంది. అలా చర్చికి రావడం మానేసిన పిల్లలతో నేను గంటలు గంటలు కూర్చున్నాను. నీ దేవుని పేరు వ్యర్థంగా ఉచ్చరించకూడదన్న ఆజ్ఞ ఇక్కడ కూడా పనిచేస్తుంది. 'నాకు నచ్చింది' అంటే అలాగే చెప్పు. 'నాకు ఇంకొకరు నచ్చారు' అంటే అదీ అలాగే చెప్పు. అవునంటే అవును, కాదంటే కాదు అని ప్రభువు చెప్పిన మాట ఇలాంటి చోటే ఉపయోగపడాలి.

అమ్మానాన్న 'రెండూ ఉంచు' అన్నారని రాశావు. వాళ్ళ టెన్షన్ నాకు తెలుసు. వీసా, వయసు, దూరం, అన్నీ వాళ్ళ తల మీదే ఉన్నట్టు ఉంటుంది. అయినా ఈ మాట వినకు. వాళ్ళను ప్రేమగా అడుగు, 'మన ఇంటి ఆడపిల్లతో ఎవరైనా ఇలా ఉంటే ఊరుకుంటామా' అని. మీరు మనుషుల నుంచి ఏది కోరుకుంటారో అదే వారికి చేయమన్న మాట మత్తయి ఏడో అధ్యాయంలో ఉంది. దీన్ని మించిన రూలు నాకు ఇంకెక్కడా దొరకలేదు. ఆ మలయాళీ అమ్మాయి సంగతి ఇంట్లో చెప్తే, విశ్వాసి అయితే చాలని ఇన్నాళ్ళూ అన్నవాళ్ళే భాష, కులం అడగవచ్చు. దానికి సిద్ధంగా ఉండు. ఆ భయంతో విజయవాడ అమ్మాయిని అడ్డుగా పెట్టుకుంటున్నావేమో నీ మనసును నువ్వే అడుగు. అదైతే ఆ అమ్మాయి చేసిన పాపం ఏమిటి?

ఇద్దరిలో ఎవరు అని నేను చెప్పను, అది నా పని కాదు. ఈ వారంలో ఇద్దరికీ నిజం తెలియాలి. విజయవాడకు ముందు చెప్పు, అక్కడ రెండు కుటుంబాలు ఎదురుచూస్తున్నాయి కాబట్టి. 'నేను మీతో మాట్లాడుతున్న రోజుల్లోనే ఇక్కడ ఇంకో అమ్మాయితో కూడా పరిచయం పెంచుకున్నాను. మీకు ముందే చెప్పాల్సింది, చెప్పలేదు, క్షమించండి' అను. ఇంకేమీ కలపకు. ఆమె అక్కడితో ఆపేస్తే ఆ హక్కు ఆమెది. మాట్లాడదామంటే మాట్లాడు, కానీ నెల దాటనివ్వకు. శనివారం కాఫీ దగ్గర రెండో అమ్మాయికి ఇదే మాట ఇలాగే చెప్పు.

విజయవాడకు మెసేజ్ పెట్టకు, వీడియో కాల్ చెయ్యి. ఇక్కడ శుక్రవారం రాత్రి తొమ్మిదంటే అక్కడ శనివారం పొద్దున ఏడున్నర, చలికాలమైతే ఎనిమిదిన్నర. శనివారం రాత్రి మాత్రం వద్దు. అక్కడ ఆదివారం పొద్దున ఇంటిల్లిపాదీ చర్చికి బయలుదేరే హడావుడిలో ఉంటారు. ఈ మాట విని ఆ పిల్ల అందరి మధ్య బల్ల మీద కూర్చోవాల్సి వస్తుంది.