పని అప్పగిస్తే మేనేజర్ బాధ్యత తీరిపోతుందా?

తీరదు, పనినీ, దానికి కావలసిన అధికారాన్నీ కిందివారికి ఇవ్వవచ్చు గానీ ఫలితానికి యజమాని ముందు జవాబు చెప్పాల్సింది మేనేజరే. ఎవరికి ఏ పని ఇవ్వాలి, మధ్యలో ఎప్పుడు ఆరా తీయాలి అన్న నిర్ణయం ఆయనదే కాబట్టి.

ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లు, అంటే పత్తి నుంచి గింజలు వేరుచేసే మిల్లు, అనుకుందాం. పత్తిలో తేమ 8 శాతం దాటితే ధర కోస్తారు, 12 దాటితే పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ కొనదు. ఆ తేమ చూసే పని సూపర్‌వైజర్‌కు ఇచ్చారు. "నువ్వు చూసుకో" అంటే చాలదు. తేమ కొలిచే మీటరును పత్తి బండిలో ఎన్నిచోట్ల పెట్టి చూడాలి, తడి బండిని వెనక్కి పంపే హక్కు అతనికి ఉందా లేదా, ముందే తేల్చాలి. హక్కు లేకపోతే ప్రతి బండికీ ఫోన్ వస్తుంది, ఇక అప్పగించి ఏం లాభం? ఇచ్చాక రైతుల ఎదుటే అతని మాట కొట్టేస్తే మర్నాటి నుంచి అతన్ని ఎవరూ లెక్కచేయరు. సాయంత్రం మేనేజర్ రిజిస్టర్ చూసి, రెండు మూడు లాట్లు తనే మళ్లీ పరీక్షిస్తే సరిపోతుంది.

అన్నీ దగ్గరుండి చేయిస్తేనే సమర్థుడని చాలామంది పొరబడతారు. అలాంటిచోట సూపర్‌వైజర్ నిర్ణయం తీసుకోవడం నేర్చుకోడు. మేనేజర్ కర్నూలుకు పనిమీద వెళ్లిన రోజు కొనుగోలే ఆగిపోతుంది.