పాత బంగారం అమ్మేటప్పుడు బేరం ధర మీద కాదు, తూకం మీద ఆడాలి

పాత నగలను కుదువ దుకాణంలో అమ్మితే న్యాయమైన ధర వస్తుందా, బేరం ఎంతవరకు ఆడవచ్చు అని అడిగారు. గ్రాము ధర మీద బేరమాడడం దండగ అన్నది నా గట్టి నమ్మకం. ఆ రోజు ధర ఊరంతా దాదాపు ఒకటే ఉంటుంది. మన సొమ్ము పోయేది తూకంలో, క్యారెట్‌లో, తరుగులో (కరిగిస్తే పోతుందని తీసేసే భాగంలో).

చిన్నాయన ఆపరేషన్ కోసం మా చిన్నమ్మ తన గుండ్లపేరు, అంటే బంగారు గుండ్ల దండ, అమ్మినప్పుడు నేను పక్కనే కూర్చున్నాను. వరంగల్ బజారులోని ఆ దుకాణంలో సేటు ఒక గుండును గీటురాయి మీద రుద్ది, ఆసిడ్ చుక్క వేసి చూసి, దండను కాంటా మీద పెట్టి, కాలిక్యులేటర్‌ను మా వైపు తిప్పాడు. అందులో ఉన్నది మొత్తం రూపాయలు మాత్రమే. "ఫికర్ చెయ్యకమ్మా, మీకని ఎక్కువనే ఇస్తున్న" అన్నాడు. చిన్నమ్మ ఇంకో ఐదు వేలు వెయ్యమంటే రెండు వేలకు వెంటనే ఒప్పుకున్నాడు. అంత తొందరగా ఒప్పుకున్నాడంటే లెక్క వేరే చోట ఉందని నాకు అర్థమైంది.

తూకం, గుండ్ల లోపల నింపిన లక్క, క్యారెట్, తరుగు వేరువేరుగా కాగితం మీద రాయమన్నాను. మొత్తం 42 గ్రాములు, లోపలి లక్కకు తీసివేత 8 గ్రాములు, బంగారం 20 క్యారెట్లు, ఆపైన తరుగు 3 శాతం అని రాశాడు. లక్క ఎంత ఉందో గుండు పగలగొట్టకుండా ఎవరు చెప్పగలరు? కరిగించి చూద్దామని పట్టుబట్టాను. వెనక గల్లీలో కరిగించే అతని దగ్గరికి సేటు మనిషితో పాటు మేమూ వెళ్లి, మంట కింద లక్క పొగలు కక్కి కాలిపోయేదాకా, బంగారం ముద్దగా మారేదాకా కదలకుండా నిలబడ్డాం. ముద్ద 37 గ్రాములు తూగింది. స్వచ్ఛత చూసే మెషీన్ 88 శాతం చూపింది, అంటే 21 క్యారెట్లకు కొంచెం పైనే. సేటు రాసిన లెక్క ప్రకారం మేలిమి, అంటే స్వచ్ఛమైన బంగారం, ఇరవై ఏడున్నర గ్రాములే. కరిగించాక తరుగు దేనికని అడిగితే 1 శాతానికి దిగాడు, మాకు 32 గ్రాముల పైచిలుకు లెక్క కట్టి ఇచ్చాడు. మొదటి బేరంలో దక్కిన రెండు వేలు ఆ తేడా ముందు ఏపాటి?

వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చే రైతు ధర కన్నా ముందు తేమ ఎంత రాశారని అడుగుతాడు, ఎందుకంటే 8 శాతం దాటిన తేమకు కోత పడుతుందని అతనికి తెలుసు. అదే రైతు ఇంటి బంగారం అమ్మేటప్పుడు క్యారెట్ అడగడానికి మొహమాటపడతాడు. నగ అమ్ముకోవడం పరువు తక్కువన్న భావన మనలో ఎంత లోతుగా ఉందంటే, తెలిసినవాళ్లు చూస్తారని హన్మకొండ వాళ్లు వరంగల్‌కు, వరంగల్ వాళ్లు హన్మకొండకు చీకటి పడే వేళ వెళ్లి, ఇచ్చింది పట్టుకుని బయటపడతారు. ఆ తొందరే దుకాణదారుకు లాభం. పైగా నగ చిన్నమ్మది అయినా సేటు మాటలన్నీ నాతోనే ఆడాడు. ఆడవాళ్లను అలా పక్కన పెట్టడం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది.

2021 జులై తర్వాత హాల్‌మార్క్ చేసిన నగ అయితే దాని మీద అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు స్థానాల హెచ్‌యూఐడీ గుర్తింపు కోడ్ ఉంటుంది, భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే స్వచ్ఛత తెలుస్తుంది. 916 (అంటే 22 క్యారెట్ల) ముద్ర ఉన్నదాన్ని 20 క్యారెట్లుగా లెక్క కడితే తులానికి, అంటే 10 గ్రాములకు, 0.83 గ్రాముల మేలిమి పోయినట్టే. ముద్ర లేని పాత నగను బీఐఎస్ గుర్తింపు ఉన్న హాల్‌మార్కింగ్ కేంద్రంలో పరీక్ష చేయించి, ఆ కాగితంతోనే దుకాణం మెట్లెక్కండి. రాళ్లున్న నగ అయితే రాళ్లు ఊడదీయించి తూకం వేయించండి, రాళ్లను వెనక్కి తీసుకోండి.

ఇక బేరం ఎంతవరకు అంటే, తూకం, క్యారెట్ కాగితం మీద తేలాక మిగిలేది తరుగు, దుకాణదారు లాభం మాత్రమే. అక్కడ ఒకటి రెండు శాతం దగ్గర గట్టిగా నిలబడండి. అంకెలు రాసివ్వనన్నవాడి దగ్గర నగ వెనక్కి తీసుకుని పక్క దుకాణానికి వెళ్లండి. కరిగించిన ముద్ద అయినా మీదే, ఎక్కడైనా అమ్ముకోవచ్చు. డబ్బు మాత్రం ఖాతాలోనే వేయించుకోండి, 2 లక్షలు, ఆపై మొత్తాన్ని ఒకరి దగ్గర ఒకే రోజు నగదుగా తీసుకోవడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు.