గుండె వైద్యం ఫోన్‌లో సాధ్యమేనా? నవాహో నేల నుంచి వచ్చిన ప్రశ్నలు

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారాలు. నేను అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రంలో, నవాహో మూలవాసులకు వైద్యం అందించే ఒక ఆసుపత్రిలో నర్సుగా చేరి ఏడాది కావస్తోంది. మా దగ్గరకు వచ్చే గుండె జబ్బు రోగుల్లో చాలామంది గంటకు పైగా ప్రయాణం చేసి వస్తారు. మంచు కురిసినా, వానకు మట్టిరోడ్లు బురదమయమైనా రాలేరు. అలాంటివారికి ఫోన్‌లో సలహాలిచ్చి మందులు సర్దే కార్యక్రమం మొదలుపెట్టాలని మా విభాగం ఆలోచిస్తోంది. మనిషిని చూడకుండా, ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టకుండా చేసే వైద్యం వల్ల నిజంగా మేలు జరుగుతుందా?

జవాబు: జరుగుతుంది. అందుకు ఆధారం కోసం మీరు ఎక్కడికో చూడనవసరం లేదు, మీరున్న నేల మీదే దానిని పరీక్షించి చూశారు. నవాహో భాషలో సమతుల్యతను, సామరస్యాన్ని, సౌందర్యాన్ని కలిపి చెప్పే ‘హోజో’ అనే మాటనే పేరుగా పెట్టుకున్న ఒక అధ్యయనం 2024లో వెలువడింది. మూలవాసులకు వైద్యం అందించే అమెరికా ప్రభుత్వ సంస్థ అయిన ఇండియన్ హెల్త్ సర్వీస్ ఆసుపత్రుల పరిధిలో, గుండె కండరం బలహీనపడి రక్తాన్ని సరిగా నెట్టలేని స్థితిలో, అంటే గుండె వైఫల్యంతో ఉన్న 103 మంది రోగులకు ఫోన్ ద్వారానే మందులు ప్రారంభించి, మోతాదులు పెంచారు. ఇంట్లో రక్తపోటు చూసుకునేందుకు వారికి బీపీ మిషన్లు ఇచ్చారు. ముప్పై రోజులు గడిచేసరికి, ఫోన్ వైద్యం అందినవారిలో సుమారు 66 శాతం మందికి అవసరమైన మందుల్లో కొత్తది ఒకటైనా ఫార్మసీ నుంచి చేతికి అందింది. మామూలు పద్ధతిలో చూసినవారిలో ఆ సంఖ్య 13 శాతం మాత్రమే.

ఇంత తేడా ఎందుకు వచ్చిందో ఆలోచిస్తే మీ కార్యక్రమాన్ని ఎలా నడపాలో కూడా తెలుస్తుంది. గుండె వైఫల్యానికి ఈరోజు నాలుగు తరగతుల మందులు ఆయుష్షును పెంచుతాయని రుజువైంది. కానీ వాటిని ఒక్కరోజులో పూర్తి మోతాదులో ఇచ్చి పంపడం కుదరదు. చిన్న మోతాదుతో మొదలుపెట్టి, కొద్ది వారాలకొకసారి రక్తపోటు, నాడి, మూత్రపిండాల పనితీరు, రక్తంలో పొటాషియం చూసుకుంటూ పెంచుకుపోవాలి. పట్నంలో ఉన్నవాడికి అది ఆరేడు సార్లు ఆసుపత్రికి వెళ్లిరావడంతో సరిపోతుంది. సుమారు 70,000 చదరపు కిలోమీటర్ల మేర మూడు రాష్ట్రాల్లో పరచుకున్న నవాహో నేషన్‌లో, ఇంట్లో ఒకే బండి ఉండి, అది కూడా పనికి వెళ్లే కొడుకు చేతిలో ఉన్న ముసలాయనకు ఆరేడు ప్రయాణాలంటే కాని పని. ఇండియన్ హెల్త్ సర్వీస్‌లో అర్హులైనవారికి మందులు ఉచితమే. డాక్టరూ ఉన్నాడు, మందూ ఉంది, అయినా రోగి మొదటి మోతాదు దగ్గరే ఏళ్ల తరబడి ఆగిపోతున్నాడు. ఫోన్ తొలగించింది ఆ ప్రయాణాల అడ్డంకినే. ఛాతీ మీద పెట్టే స్టెతస్కోపు విలువ తగ్గిందని దీనికి అర్థం కాదు. మొదటి పరీక్ష, గుండె స్కానింగ్ ఎదురుగానే జరగాలి. ఆ తరువాత మోతాదు సర్దే పనిలో ఎక్కువ భాగానికి రక్తపోటు అంకెలు, రక్తపరీక్ష ఫలితం, రోగి చెప్పే మాట చాలు.

అయితే ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఆ అధ్యయనం లెక్కపెట్టింది మందులు చేతికి చేరడాన్ని. ఎన్ని మరణాలు తప్పాయన్నది నెల రోజుల్లో తేలే విషయం కాదు. మీరు ప్రారంభించే కార్యక్రమంలో ఏడాది తరువాత కూడా ఎంతమంది మందులు మానకుండా వాడుతున్నారో లెక్క రాసి పెట్టుకోండి.

ప్రశ్న: వీళ్లలో గుండె జబ్బు రక్తంలోనే ఉందని నా సహోద్యోగులు కొందరు అంటారు. అదే నిజమైతే ఆహారం గురించి, అలవాట్ల గురించి ఫోన్‌లో ఎంత చెప్పినా ఉపయోగం ఏముంటుంది?

జవాబు: ఈ మాటను ఖండించకుండా వదిలేయలేను. 1988లో ఆరంభమైన స్ట్రాంగ్ హార్ట్ స్టడీ ఆరిజోనా, ఒక్లహోమా, ఉత్తర, దక్షిణ డకోటా ప్రాంతాల్లోని 13 మూలవాసీ సమాజాల నుంచి 45 నుంచి 74 ఏళ్ల మధ్య వయసున్న 4,549 మందిని చేర్చుకుని, ఏళ్ల తరబడి వారి ఆరోగ్యాన్ని గమనించింది. అంతకుముందు మూలవాసుల్లో గుండె జబ్బు తక్కువన్న అభిప్రాయం వైద్యుల్లో ఉండేది. వారిలో గుండె జబ్బు ఇతర అమెరికన్ల కంటే ఎక్కువ స్థాయికి చేరిందని, జబ్బు వచ్చినవారిలో ఎక్కువమందికి ముందుగానే మధుమేహం ఉందని ఈ అధ్యయనం చూపింది. ఒకప్పుడు తక్కువగా ఉన్న జబ్బు రెండు మూడు తరాల్లో ఇంతగా పెరిగిందంటే, ఆ నెపాన్ని రక్తం మీదికి ఎలా నెట్టగలం?

మారినది వారి బతుకు. 1864లో సైన్యం నవాహోలను సొంత నేల నుంచి వందల మైళ్లు నడిపించి బోస్కే రెడోండో అనే చోట నిర్బంధించింది. 1868 ఒప్పందంతో తిరిగి వచ్చేనాటికి గొర్రెల మందలు, మొక్కజొన్న చేలు, పీచ్ తోటలు నాశనమై ఉన్నాయి. ఆ నిర్బంధంలో సైన్యం ఇచ్చిన పిండి, కొవ్వు, చక్కెరల రేషనుతో మొదలైన తిండి మార్పు ఇప్పటికీ వారి వంటిళ్లలో కనిపిస్తుంది. ఈనాటికీ అంత పెద్ద భూభాగానికి పూర్తిస్థాయి కిరాణా దుకాణాలు పదమూడు మాత్రమేనని తరచూ చెబుతారు. దాదాపు మూడో వంతు ఇళ్లకు కుళాయి నీరు లేదు. డ్రమ్ముల్లో నీళ్లు మోసుకొచ్చే ఇంట్లో, ధర తక్కువై, చాలాకాలం పాడవకుండా ఉండే తీపి పానీయం చేతికి అందేలా ఉంటే, అది తాగినవారిని అజ్ఞాని అనడం అన్యాయం. అయినా ఆ ప్రజలు చేతులు కట్టుకుని కూర్చోలేదు. పోషక విలువ లేని చిరుతిండి, తీపి పానీయాల మీద రెండు శాతం అదనపు పన్ను వేసే చట్టాన్ని నవాహో పాలకమండలి 2014లో చేసుకుంది. తాజా పండ్లు, కూరగాయల మీద ఉన్న తమ అమ్మకం పన్నును తీసేసింది.

కాబట్టి ఫోన్‌లో మీరు ముందు అడగవలసినది, ఆ ఇంటికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి, సరుకులు ఎన్ని రోజులకొకసారి తెచ్చుకుంటారు, ఫ్రిజ్ ఉందా అన్నవి. తాజా కూరలు తినమని చెప్పి ఫోన్ పెట్టేయకండి. డబ్బా చిక్కుళ్లను కడిగి ఉప్పు తగ్గించుకోవచ్చని, ఉప్పు లేని ఎండబెట్టిన మొక్కజొన్న మేలని, ఆ ఇంట్లో ఉన్నవాటితోనే ఏం చేయవచ్చో చెప్పే సలహా పనికొస్తుంది. అది కూడా వారితో కలిసి ఆలోచించి చెప్పాలి.

ప్రశ్న: మందులు మానేస్తే గుండెపోటు వస్తుందని నేను గట్టిగా చెప్పినప్పుడు పెద్దవారు మౌనంగా ఉండిపోతారు. తరువాత ఫోన్ ఎత్తరు. నేను ఎక్కడ పొరబడుతున్నాను?

జవాబు: మీ ఉద్దేశంలో లోపం లేదు. మీరు ఆ మాట చెప్పిన తీరులోనే పొరపాటు ఉంది. సంప్రదాయాన్ని పాటించే నవాహోల దృష్టిలో మాటకు జరిపించే శక్తి ఉంది. ‘నీకు గుండెపోటు వస్తుంది’ అని మీరు హెచ్చరికగా అంటే, వారి చెవికి అది శాపంలా, ఆ కీడును పిలుస్తున్నట్టుగా వినపడుతుంది. చెడును ముందే చెప్పే వైద్యపద్ధతికీ, మంచినే తలచి మంచినే పలకాలన్న నవాహో విలువకూ మధ్య ఉన్న ఈ ఘర్షణను వైద్యులు 1995లోనే ఒక పరిశీలనలో నమోదు చేశారు. ఎదురుగా ఉన్నప్పుడు మీ ముఖంలోని దయ ఆ మాట పదునును కొంత తగ్గిస్తుంది. ఫోన్‌లో మిగిలేది మాట ఒక్కటే. ‘ఈ మాత్ర వేసుకుంటే మీ గుండె బలంగా ఉంటుంది, వసంతంలో గొర్రెల వెంట మళ్లీ నడవగలుగుతారు’ అనండి. మరీ ప్రమాదం చెప్పక తప్పనిచోట, ‘ఈ జబ్బు ఉన్నవారిలో కొందరికి ఇలా జరగడం చూశాము’ అని మూడో మనిషి మీద పెట్టి చెప్పండి. మౌనం కూడా ఆలోచనే కావచ్చు. దానిని నింపడానికి తొందరపడకండి.

ఫోన్ ఎత్తకపోవడం వెనుక మరో కారణమూ ఉండవచ్చు. 1973, 1976 మధ్య ఇండియన్ హెల్త్ సర్వీస్‌కు చెందిన నాలుగు ప్రాంతాల్లో 3,406 మంది స్త్రీలకు పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్సలు జరిగాయని, అంగీకార పత్రాల విషయంలో నియమాలు పాటించలేదని అమెరికా పార్లమెంటు తరఫున లెక్కలు చూసే కార్యాలయమే 1976లో బయటపెట్టింది. ఆ తరం స్త్రీలు ఇప్పుడు మీ రోగుల్లో అమ్మమ్మలు. తెలియని గొంతు ఆసుపత్రి పేరు చెప్పి మాట్లాడితే వారికి భయం కలగడంలో ఆశ్చర్యం లేదు.

అందుకే నా గట్టి అభిప్రాయం ఏమిటంటే, మొదటి పిలుపు మీ నుంచి వెళ్లకూడదు. 1968 నుంచీ మూలవాసీ సమాజాల్లో ఉన్న కమ్యూనిటీ హెల్త్ రెప్రజెంటేటివ్‌లు, అంటే ఆ ఊరివారే అయి, ఆ భాషే మాట్లాడుతూ ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలు, ముందు ఇంటికి వెళ్లి బీపీ మిషన్ ఇచ్చి, చేతికి పట్టీ ఎలా చుట్టాలో చూపించి, మిమ్మల్ని పరిచయం చేయాలి. అనీ వానీకా అనే నవాహో నాయకురాలు క్షయ మీద పోరాడుతూ, వైద్యపు మాటలను ప్రజలు గ్రహించే నవాహో పదాల్లోకి మార్చే నిఘంటువును తయారుచేసింది. 1963లో ఆమెకు అమెరికా అత్యున్నత పౌర పురస్కారం లభించింది. ఆమె నమ్మిన దారి నేటి ఫోన్ వైద్యానికీ వర్తిస్తుంది. ‘హార్ట్ ఫెయిల్యూర్’ అనే మాటను యథాతథంగా అనువదిస్తే గుండె ఆగిపోయిందనే అర్థం వస్తుంది. గుండె అలసిపోయిందని, మందు దానికి సాయపడుతుందని చెప్పే మాటను మీ కార్యకర్తలనే అడిగి తెలుసుకోండి.

పొగాకు విషయంలో కూడా ఒక మెలకువ అవసరం. చాలా మూలవాసీ సమాజాల్లో పొగాకు ప్రార్థనకు వాడే పవిత్రమైన ఆకు. మానవలసినది దుకాణంలో కొనే సిగరెట్టును. ఈ తేడాను మీరే ముందుగా పలికితే సగం దూరం తగ్గుతుంది.

ప్రశ్న: మా ప్రాంతంలో ఇంటర్నెట్ అంతంత మాత్రం. వీడియో లేకుండా ఫోన్ మాటే సరిపోతుందా?

జవాబు: మోతాదులు సర్దడానికి, ధైర్యం చెప్పడానికి సరిపోతుంది. పైన చెప్పిన అధ్యయనం నడిచింది ఫోన్ మీదనే. 1970లలో ఆరిజోనాలోనే, నేడు తొహోనో ఓధామ్ అని పిలిచే తెగ నేలపై నాసా సంస్థ ఎక్స్‌రే, ఈసీజీ పరికరాలున్న బండిని తిప్పి, దాని నుంచి సూక్ష్మ తరంగాల ద్వారా డాక్టరుకు చిత్రాలు పంపింది. అంత ఖరీదైన ఏర్పాటు ప్రయోగంగానే ముగిసింది. ఇంట్లో ఉన్న ఫోనుతో నడిచే పద్ధతికి ఆ ఇబ్బంది ఉండదు.

ఫోన్ ఎక్కడ ఆగాలో మాత్రం ముందే నిర్ణయించుకోండి. ఛాతీలో నొప్పి, పడుకుంటే ఊపిరాడకపోవడం, స్పృహ తప్పడం, ముఖం వంకరపోవడం, మాట తడబడటం వంటివి వినగానే సలహా ఆపి అంబులెన్సు పంపించాలి. ఒక్కరోజులో సుమారు కిలోన్నర, వారంలో రెండు కిలోలకు పైగా బరువు పెరిగితే శరీరంలో నీరు చేరుతున్నట్టు. ఆరోజే డాక్టరుకు తెలియాలి. అత్యవసర వాహనం చిరునామా కనుక్కోలేని ఇళ్లు మీ ప్రాంతంలో చాలా ఉంటాయి కనుక, మొదటి ఇంటి సందర్శనలోనే దారి గుర్తులను, ఏ మైలురాయి దగ్గర మలుపు తిరగాలో, పొరుగింటివారి ఫోన్ నంబరును కార్యకర్త చేత రాయించి రోగి చీటీకి జతచేయండి. వారానికి ఒకే రోజు, ఒకే సమయానికి, ఒకే గొంతు నుంచి పిలుపు వెళ్లేలా చూడండి. సిగ్నల్ అందే గుట్ట దగ్గరకో, కూతురి ఇంటికో ఆ వేళకు చేరుకునేలా పెద్దవారు తమ పనులను సర్దుకుంటారు.