తాబేళ్ల సర్వేకి వెళ్ళాలంటే జువాలజీ చదివుండాలా?

మీరు చదివింది బీకాం, సముద్ర జీవుల గురించి తెలిసింది తక్కువ, అయినా ఆలివ్ రిడ్లీ తాబేళ్ల సర్వేకి వాలంటీర్‌గా వెళ్ళాలనుంది, వెళితే పనికొస్తానా, అక్కడేం చేయిస్తారు అని అడిగారు.

తప్పకుండా పనికొస్తారు. నాదీ అకౌంట్స్ ఉద్యోగమే, నాలుగు సీజన్లుగా వెళుతున్నాను. కావాల్సింది రాత్రిపూట ఇసుకలో నాలుగైదు కిలోమీటర్లు నడిచే ఓపిక, చూసింది చూసినట్టు రాసే అలవాటు. ఈ రెండోదే కష్టం.

ముందు ఒక మాట. ఒడ్డు కనబడనంతగా తాబేళ్లు నిండిపోయిన వీడియోలు చూసి ఉంటారు. అలా ఒక్కసారిగా వేల సంఖ్యలో వచ్చేది ఒడిశాలో గహిర్‌మఠ, రుషికుల్య లాంటి కొన్ని చోట్లకే. మన తీరంలో అక్కడొకటి, ఇక్కడొకటి వస్తాయి, ఎక్కువగా జనవరి నుంచి ఏప్రిల్ లోపు. మొదటి సీజన్లో నేను పదకొండు రాత్రులు నడిస్తే, బతికున్న తాబేలు కంటబడింది ఒకే ఒక్క రాత్రి.

తాబేలు కనబడకపోయినా జాడ కనబడుతుంది. తడి ఇసుక మీంచి పొడి ఇసుకలోకి ట్రాక్టర్ టైరు పోయినట్టుంటుంది. వంగి చూడండి. కుడి ఎడమ గుర్తులు ఒకదాని తర్వాత ఒకటి పడితే ఆలివ్ రిడ్లీ. గ్రీన్ తాబేలు అనే మరో జాతి రెండు కాళ్లూ ఒకేసారి వేస్తుంది కాబట్టి దాని గుర్తులు జంటలుగా పడతాయి. వెళ్ళిన జాడ, తిరిగొచ్చిన జాడ రెండూ ఉండి, మధ్యలో ఇసుక చెదిరి ఉంటే అక్కడ గూడు ఉండే అవకాశం ఎక్కువ. ఇసుక చెదరకపోతే వెలుతురుకో, కుక్కలకో, మనుషుల అలికిడికో బెదిరి గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోయి ఉంటుంది. దాన్నీ రాయాలి.

ఆ ఒక్క రాత్రి సంగతి చెబుతాను. నలుగురం టార్చిలు ఆర్పేసి, దాని తోకవైపు, కాస్త దూరంగా కూర్చున్నాం. వెనక కాళ్లను దోసిలిలా ముడిచి, ఒకదాని తర్వాత ఒకటిగా ఇసుక తోడి పక్కకు వేస్తోంది. గుంట లోతు అడుగున్నర ఉంటుందేమో, మూతి ఇరుకు, కింద వెడల్పు, అచ్చం కుండలాగే. గుడ్లు పింగ్‌పాంగ్ బంతుల్లా తెల్లగా, ఒకటీ రెండూ చొప్పున జారాయి. మామూలుగా వంద పైనే పెడుతుంది. పూడ్చాక ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ డిప్ప అంచులతో ఇసుకను దిమ్మిస కొట్టింది. దబ్ దబ్‌మని ఆ అదురు మేం కూర్చున్న చోటి వరకూ తెలిసింది. కళ్ల నుంచి నీళ్లు కారుతుంటే నాతో వచ్చినావిడ 'ఏడుస్తోందా?' అని గుసగుసగా అడిగింది. ఒంట్లో ఎక్కువైన ఉప్పును తాబేలు అలా బయటికి పంపుతుందని ఆ రోజే తెలిసింది.

గుడ్లను హేచరీకి, అంటే పిల్లలయ్యేదాకా వాటిని కాపాడే చోటికి, మార్చే పని మొదట్లోనే మీకు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. సముద్రపు తాబేళ్లు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. అటవీ శాఖ అనుమతి ఉన్నవాళ్లే గుడ్లు ముట్టుకోవాలి. పెట్టిన కొద్ది గంటలకే పిండం పెంకు లోపలి పొరకు అంటుకుంటుంది, ఆ తర్వాత గుడ్డు దొర్లితే పిల్ల పోతుంది. అందుకే మార్చేదేదో త్వరగా, ఏ వైపు పైకుందో ఆ వైపే పైకుండేలా మారుస్తారు.

మీరు ఎక్కువగా చేసే పని మరొకటుంది, దానికి మనసు సిద్ధం చేసుకుని రండి. తెల్లవారుజామున చనిపోయి కొట్టుకొచ్చిన తాబేళ్లను లెక్కపెట్టడం. తాబేలు గాలి పీల్చుకోవడానికి నీటి పైకి రావాలి. మరబోటు ఈడ్చుకెళ్లే ట్రాల్ వలలో చిక్కితే పైకి రాలేక ఊపిరాడక చస్తుంది. నేను మొదట కొలిచినదాని మీద ఒక్క గాయం లేదు. టేపు డిప్ప వంపు మీదుగా పరిచి కొలిస్తే 68 సెంటీమీటర్లు. పక్క పలకలు లెక్కపెడితే కుడివైపు ఆరు, ఎడమవైపు ఏడు. ఆలివ్ రిడ్లీలకు ఇలా రెండు వైపులా సమానంగా లేకపోవడం మామూలే. తోక పొట్టిగా ఉంది కాబట్టి ఆడది. అన్నీ రాసుకుని, మర్నాడు వచ్చేవాళ్లు మళ్లీ లెక్కించకుండా డిప్ప మీద పెయింట్ గుర్తు వేశాం. ఆ పెయింట్ వాసన నాకిప్పటికీ గుర్తుంది.

ఇక్కడే మీ బీకాం బుద్ధి పనికొస్తుంది. మొదటి సీజన్లో ఏమీ కనబడని రోజు మేం ఫారం నింపలేదు. చివర్లో చూస్తే, ఖాళీ ఉన్న తేదీల్లో తాబేలు రాలేదో, మేమే వెళ్ళలేదో ఎవరూ చెప్పలేకపోయారు. సగం సీజన్ శ్రమ వృథా. వ్యాపారం లేని నెలకూ పన్ను శాఖకు నిల్ రిటర్న్ వేస్తాం కదా, ఇదీ అంతే. తేదీ, మొదలుపెట్టిన చోటు, ముగించిన చోటు, సమయం, సంఖ్య సున్నా అని రాయాల్సిందే. మన తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. గుడ్లు పెట్టే కాలంలో ఎక్కువ భాగం అంతకుముందే అయిపోతుంది. మరి ఏ నెలలో, ఏ కిలోమీటరులో ఎక్కువ చస్తున్నాయో తేదీలతో చూపించగలిగితేనే ఆ నెలల్లో గస్తీ పెంచమనో, తాబేలు తప్పించుకునే పరికరం వలకు బిగించమనో గట్టిగా అడగగలం.

చచ్చిన తాబేలు దగ్గర కోపంలో మత్స్యకారులతో మాత్రం గొడవ పడకండి. మాకు గూడు ఉందని ఫోన్ చేసేది వాళ్లే. వలలో చిక్కిన తాబేలు కోసం సొంత వల కోసి వదిలిపెట్టినాయన్ని నేను చూశాను.

టార్చి మీద ఎర్ర కాగితం చుట్టుకోండి, తాబేళ్లకు ఎర్ర వెలుతురు అంతగా ఆనదు. ఫ్లాష్‌తో ఫొటోలు వద్దు. సుమారు 45 నుంచి 60 రోజులకు బయటికొచ్చే పిల్లలు వెలుతురు ఎటుంటే అటు నడుస్తాయి, మీ ఫోనే వాటికి సముద్రం అయిపోతుంది.

ఎవరిని కలవాలంటే, డిసెంబరులోనే మీ జిల్లా అటవీ శాఖ కార్యాలయానికి వెళ్ళి తాబేళ్ల హేచరీలు ఎవరు చూస్తున్నారో అడగండి. చెన్నైకి దగ్గరైతే అక్కడ విద్యార్థులు 1988లో మొదలుపెట్టిన బృందం సీజన్లో రాత్రి నడకలు నడుపుతుంది, కొత్తవాళ్లను వెంట తీసుకెళ్తారు. తొలిసారి ఒంటరిగా మాత్రం తీరానికి వెళ్ళకండి. పోటు సమయం తెలిసినవాళ్లు కనీసం ఒక్కరైనా పక్కనుండాలి.